కాకి, కోతి, పనిముట్టు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వరంగల్ భద్రకాళి గుడి దగ్గర కోతి కొబ్బరికాయను బండకేసి కొట్టింది కాబట్టి పనిముట్టు వాడినట్టే.

వాస్తవం: కాదు. బండ నేలలో ఉంది, కోతి చేతిలో లేదు. విడి వస్తువును పట్టుకుని ఇంకోదాని మీద ప్రయోగిస్తేనే పనిముట్టు. థాయ్‌లాండ్ తీరంలో పొడవు తోక కోతులు రాయి ఎత్తి గుల్లలు పగలగొట్టడం ఆ లెక్కలోకి వస్తుంది. వీడియో తీసేవాళ్లు కోతి చేతులు కనబడేలా తీయాలి, లేకుంటే ఏది దేన్ని కొట్టిందో తేలదు.

అపోహ: పనిముట్టు వాడేది తెలివైనది, వాడనిది మొద్దు.

వాస్తవం: మన మామిడి తోటల్లో ఎర్రచీమలు తమ లార్వాలను నోట కరుచుకుని, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులు అతికిస్తాయి. అది పుట్టుకతో వచ్చిన పని. రూక్ అనే కాకిజాతి పక్షులు అడవిలో పనిముట్లు వాడినట్టు పెద్దగా కనబడదు. అయినా 2009లో ప్రచురించిన ప్రయోగంలో గొట్టంలో రాళ్లేసి నీటిమట్టం పెంచి పురుగును అందుకున్నాయి.

అపోహ: కుండలో రాళ్లేసే కాకికి నీటి సూత్రం తెలుసు.

వాస్తవం: కొంతవరకే. 2014లో న్యూ కాలెడోనియా అనే పసిఫిక్ దీవి కాకులతో చేసిన పరీక్షల్లో ముందు వాటికి రాళ్లు వేయడం నేర్పారు. ఆ తర్వాత అవి తేలేవి వదిలి మునిగేవి, డొల్లవి వదిలి గట్టివి, ఇసుక గొట్టం వదిలి నీటి గొట్టం ఎంచుకున్నాయి. గొట్టం సన్నమా వెడల్పా అన్న తేడా మాత్రం పట్టుకోలేదు.

విద్యార్థులు హన్మకొండ డాబాల మీద ఊరకాకులతో ఈ నీళ్లా-ఇసుకా పరీక్ష చేయొచ్చు, పట్టి పంజరంలో పెట్టకుండా. రాళ్లు వేయడం అలవాటయ్యాకే అసలు పరీక్ష. ఒకే వెడల్పున్న రెండు పారదర్శక గొట్టాలు తీసుకోండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో ఇసుక, రెండూ ఒకే మట్టం. రెండింట్లోనూ ఒకేలాంటి తిండి ముక్క, థర్మాకోల్ బిళ్ల మీద, ముక్కుకు కొద్దిలో అందకుండా. మరీ లోతైతే చాలా రాళ్లు కావాలి, కాకి విసిగి ఎగిరిపోతుంది. గొట్టాల స్థానం ప్రతిసారీ బొమ్మాబొరుసు వేసి మార్చాలి, లేకుంటే అది నేర్చుకునేది “ఎడమ పక్కది” అని మాత్రమే. మొదటి రాయి ఎందులో పడిందో అదే రాసుకోండి. రెండో రాయికల్లా నీళ్లు పైకి రావడం అది చూసేసి ఉంటుంది, ఆ సమాచారం ఎంపికను పాడుచేస్తుంది. 20 సార్లలో 12, 13 సరిగ్గా వస్తే అదృష్టమే కావచ్చు. 15 దాటితేనే మాట్లాడాలి.

అపోహ: 2002లో తీగను కొక్కెంలా వంచిన బెట్టీ అనే న్యూ కాలెడోనియా కాకి అప్పటికప్పుడు ఉపాయం కనిపెట్టింది.

వాస్తవం: అంత తేలికగా అనలేం. అడవి నుంచి తెచ్చిన అదే జాతి కాకులు పుల్లలను వంచడం సహజంగానే చేస్తాయని 2016లో తేలింది. కొత్త పనిముట్టు కనబడినప్పుడల్లా ముందు ఆ జాతి మామూలుగా ఏం చేస్తుందో చూడాలి.