సముద్రపు గాలిలో బొంత ఆరాలంటే

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు. విశాఖపట్నంలో ఆ పండుగ దాటగానే బొంతలు, రగ్గులు, రజాయిలు, దళసరి దుప్పట్లు ఉతికి అటక మీదికి చేర్చే పని మొదలవుతుంది. ఈ పనిలో మన శ్రద్ధ అంతా సబ్బు మీద, మురికి మీద ఉంటుంది. కానీ ఏడాదిలో చాలా నెలలు గాలిలో తేమ 70 శాతానికి అటూ ఇటూ ఉండే ఈ ఊరిలో బొంతను పాడుచేసేది మురికి కాదు, ఉతికిన తరువాత దాని పొరల్లో మిగిలిపోయిన నీరు. ఉతకడం గంటలో అయిపోతుంది. ఆరబెట్టడం దగ్గరే ఆ బొంత ఎన్నేళ్లు మన్నుతుందో తేలిపోతుంది.

బొంత వెచ్చగా ఉండటానికి కారణం గుడ్డ కాదు, గుడ్డల మధ్య కదలకుండా నిలిచిన గాలి. పాత నేత చీరలను నాలుగైదు పొరలుగా పరచి, అంచు నుంచి అంచు వరకు దగ్గర దగ్గరగా దూసిన కుట్లను ఒకసారి వేళ్లతో తడిమి చూడండి. కుట్టు పడిన చోట పొరలు అణిగి, రెండు కుట్ల వరుసల మధ్య కొద్దిగా ఉబ్బి ఉంటాయి. ఆ ఉబ్బులలోనే గాలి ఉంటుంది. ఉతికేటప్పుడు పొరలు ఒకదానిపై ఒకటి జారిపోకుండా పట్టి ఉంచేవి కూడా ఆ కుట్లే కనుక, తెగిన దారాలను ఉతకడానికి ముందే కుట్టుకోవాలి. గాలితో పోలిస్తే నీరు వేడిని 20 రెట్లకు పైగా వేగంగా ప్రసరింపజేస్తుంది. అందుకే సరిగా ఆరని బొంత కప్పుకున్నా చలి ఆగదు.

నూలుకు నీటిపై మక్కువ ఎక్కువ. దాని పోగులోని సెల్యులోజ్ అణువులకు నీటి అణువులు సులువుగా అంటుకుంటాయి. పూర్తిగా ఆరిందని మనం అనుకునే నూలు బట్టలో కూడా, గాలిలో తేమ 65 శాతం ఉన్నప్పుడు, దాని పొడి బరువులో సుమారు 8 శాతం నీరు ఉంటుంది. అంటే రెండు కిలోల బొంతలో దాదాపు 150 గ్రాముల నీరు ఎప్పుడూ ఉన్నట్లే. అదే పాలిస్టర్ అయితే అర శాతం కూడా పీల్చుకోదు. అందువల్లే పాలిస్టర్ దూది నింపిన కంఫర్టర్ ఒక్క పూటలో ఆరిపోతే, నూలు బొంతకు రెండు రోజుల ఎండ కావలసి రావచ్చు. బూరుగు దూది సంగతి వేరు. దాని పోగు లోపల బోలుగా ఉండి, పైన సన్నని మైనపు పూత ఉంటుంది. అందువల్ల అది నీటిని సులువుగా పీల్చుకోదు, కానీ ఒకసారి తడిస్తే ఉండలు కట్టి మళ్లీ పొంగదు. ఏకిన దూదితో నింపిన పాత రజాయిలకూ ఇదే ఇబ్బంది. వీటిని నీటిలో ముంచవద్దు. గలీబులు మాత్రం ఉతికి, దూదిని ఎండలో పెట్టి, అణిగిపోయినప్పుడు మళ్లీ ఏకించుకోవడమే సరైన పద్ధతి.

ఉతికే నీరు ఎలాంటిదో కూడా చూసుకోవాలి. తీరానికి దగ్గరి కాలనీల్లో బోరు నీరు చాలాచోట్ల కఠిన జలం. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి పోగుల మధ్య ఇరుక్కుంటాయి. తెల్ల దుప్పటి బూడిద రంగుకు తిరిగి గరుకెక్కేది అందుకే. డిటర్జెంట్ పొడికి ఈ ఇబ్బంది తక్కువ. అయితే మోతాదు పెంచితే బాగా తెల్లబడుతుందనుకోవడం పొరపాటు. దళసరి బొంత లోపలి నుంచి నురగ బయటికి రావడమే కష్టం, పోగుల్లో మిగిలిన డిటర్జెంట్ మురికిని మళ్లీ త్వరగా పట్టుకుంటుంది. పెద్ద టబ్బులో వేసి కాళ్లతో తొక్కే పాత పద్ధతి బొంతకు ఎంతో మేలైనది, ఎందుకంటే ఒత్తిడి అంతటా సమంగా పడి, కుట్లు తెగకుండానే నీరు పొరల్లోంచి దూసుకుపోతుంది. జాడించిన నీటిలో నురగ కనబడనంత వరకు నీరు మారుస్తూనే ఉండాలి. మెషీన్‌లో వేసేటట్లయితే డ్రమ్ములో మూడో వంతైనా ఖాళీ ఉండాలి.

నీరు పిండటంలో పడే శ్రమ వృథా పోదు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 24 లక్షల జౌళ్ల వేడి, అంటే యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటుకు సమానమైన శక్తి కావాలి. పిండిన తరువాత కూడా బొంతలో మూడు లీటర్లు మిగిలిందనుకుంటే, ఎండా గాలీ కలిసి రెండు యూనిట్ల వేడిని దానికి అందించాలన్నమాట. అందుకే మెషీన్‌లో అదనంగా ఒకసారి స్పిన్ తిప్పడం ఎంతో లాభసాటి. చేత్తో మెలిపెట్టి పిండితే మాత్రం కుట్లు తెగుతాయి. వాలుగా పెట్టిన మంచం మీద పరచి, నీరు ఓడిన తరువాతే తాడు మీద వేయాలి.

ఇక సముద్రపు గాలి. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, పెద వాల్తేరు వైపు బాల్కనీల్లో ఆరేసిన దుప్పటి మధ్యాహ్నానికి గలగలలాడుతూ ఆరి, చీకటి పడేసరికి మళ్లీ జిగటగా మారడం అక్కడివారికి అనుభవమే. అలల నురగ నుంచి లేచిన ఉప్పు రేణువులు గాలితో వచ్చి గుడ్డకు అంటుకుంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని దానంతట అదే కరిగిపోతుంది. సముద్రపు ఉప్పులో కొద్దిగా ఉండే మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం తేమ చాలు. ఉప్పు చేరిన బొంత ప్రతి సాయంత్రం గాలిలోంచి నీరు తాగుతూనే ఉంటుంది. కాబట్టి సముద్రానికి ఎదురుగా కాక ఇంటికి మరోవైపున, పొద్దున్నే ఆరేసి, సముద్రపు గాలి బలపడక ముందే ఎక్కువ భాగం ఆరిపోయేలా చూసుకోవడం మంచిది. ఒకే తాడు మీద రెండుగా మడిచి వేయకుండా, మూరెడు దూరంలో కట్టిన రెండు తాళ్ల మీదుగా వేస్తే మధ్యలోంచి గాలి ఆడుతుంది. పై పొర ఆరుతున్నకొద్దీ లోపలి నీరు పోగుల సందుల గుండా బయటికి పాకి వస్తుంది. ఆ పని నెమ్మదిగా సాగుతుంది కనుక, పైన చేయి పెట్టి చూసి ఆరిందనుకోకూడదు. దళసరి కుట్టు ఉన్న చోటును రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టండి. చల్లగా తగిలితే లోపల ఇంకా నీరుంది. తూకం ఉంటే మరీ మంచిది. ఉతకక ముందు తూచిన బరువు కంటే పావు కిలో ఎక్కువ తూగితే మరో ఎండ తప్పనిసరి.

ఆలస్యంగా ఆరిన గుడ్డకు పట్టే ముక్క వాసనకు కారణమయ్యే బాక్టీరియాలలో మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ ముఖ్యమైనదని జపాన్ శాస్త్రవేత్తలు 2012లో తేల్చారు. అది మన చర్మపు జిడ్డు, చెమట అవశేషాలను తింటూ దుర్వాసన గల ఆమ్లాన్ని తయారుచేస్తుంది. తేమ ఉన్నంతసేపూ అది పెరుగుతూనే ఉంటుంది కనుక, వాసన పట్టిన గుడ్డకు సెంటు లిక్విడ్ చల్లితే లాభం లేదు. మళ్లీ వేడినీటిలో ఉతికి, త్వరగా ఆరబెట్టాలి.

తేమనే నమ్ముకుని బతికే మరో జీవి డస్ట్ మైట్. మిల్లీమీటరులో మూడో వంతు ఉండే ఈ ప్రాణి నీరు తాగదు, గాలిలోని తేమనే శరీరంలోకి పీల్చుకుంటుంది. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని ఆహారం, దాని విసర్జనలోని ప్రోటీన్లు ఆస్తమాను, తుమ్ములను రేపుతాయి. ఆ ప్రోటీన్లు నీటిలో కరుగుతాయి కాబట్టి చన్నీటి ఉతుకు కూడా వాటిని చాలావరకు తొలగిస్తుంది. పురుగు చావాలంటే మాత్రం 60 డిగ్రీల వేడి కావాలి. ఒకప్పుడు రజకులు దుప్పట్లను చవిటి మన్ను కలిపిన నీటిలో తడిపి, ఆవిరి మీద ఉడికించి ఉబ్బ పెట్టేవారు. ఆ ఆవిరి వేడికి ఈ పురుగులు మిగిలే అవకాశమే లేదు. ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే దుప్పట్లు, గలీబులు వారానికొకసారి వేడినీటిలో ఉతకాలని గట్టిగా చెబుతాను. రంగు నిలుస్తుందో లేదో ముందుగా తడి తెల్ల గుడ్డతో ఒక మూల రుద్ది చూసుకోవాలి.

మరకల విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. రక్తపు మరకకు చన్నీళ్లే వాడాలి, వేడి తగిలితే ప్రోటీన్ గడ్డకట్టి గుడ్డను పట్టుకుంటుంది. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడితే కంగారు పడనక్కర్లేదు, అది సబ్బులోని క్షారం తగిలినప్పుడు పసుపులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం చూపే గుణం. కడిగి ఎండలో వేస్తే వెలిసిపోతుంది.

దాచేటప్పుడు దుప్పట్లకు గంజి పెట్టకూడదు. గంజి బూజుకూ, సిల్వర్‌ఫిష్ పురుగులకూ ఆహారం. బూజు వేసిన నల్ల చుక్కలు చాలాసార్లు ఎన్ని ఉతుకులకూ పోవు. ప్లాస్టిక్ సంచిలో బిగించి పెడితే లోపల మిగిలిన తేమకు బయటికి దారి ఉండదు. ఉతికిన పాత నూలు చీరలో మూటకట్టి, గోడకు ఆనకుండా అటక మీద పెట్టి, వానాకాలంలో తెరిపి ఇచ్చినప్పుడల్లా గాలికి ఆరవేయడం మేలు. కలరా ఉండలు నూలు బొంతలకు అవసరమే లేదు. బట్టల చిమ్మట పిల్లపురుగులు తినేది ఉన్ని, పట్టు, బొచ్చు, ఈకల వంటి జంతువుల నుంచి వచ్చిన వాటినే, నూలును కాదు. పైగా ఆ ఉండల్లోని నాఫ్తలీన్ ఆవిరి గుడ్డలో నిలిచిపోతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిబిడ్డలను అలాంటి బొంతలో చుడితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమై తీవ్రమైన కామెర్లు రావచ్చు. బాలింత ఉన్న ఇంట్లో కలరా ఉండల మధ్య దాచిన బొంతను ముందుగా ఉతికి, ఎండబెట్టి, వాసన పూర్తిగా పోయిందని తేలిన తరువాతే బిడ్డ దగ్గరికి తేవాలి.