అంబలి నేల, సంగటి నేల

ప్రొద్దుటూరు,
హస్త కార్తె

పిల్లలూ,

అనంతపురంలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉత్తరం రాసింది. వాళ్ళ మామయ్య గేర్ల సైకిలు కొనిచ్చాడట. ఆదివారం పూట అన్నతో కలిసి ఊరి బయట గుట్టల మధ్య కాలిబాటల్లో తొక్కుతుందట. ఆ పాప అడిగింది అడిగినట్టే రాస్తున్నాను: "తాతా, వెనక చక్రం బురద వీపు మీద పడుతుంది, అది సరే. ముందు చక్రం బురద నా ముఖం మీద ఎందుకు పడుతుంది? నేను ముందుకు పోతుంటే అది వెనక్కి కదా పోవాలి? అంగట్లో మూడు రకాల మడ్‌గార్డులు చూపించారు. ఏది కొనుక్కోమంటావు?"

అనంతపురంలో ఏడాది మొత్తానికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ నాలుగు చినుకులకు మడ్‌గార్డు దేనికని ఇంట్లో ఎవరైనా అన్నా అనవచ్చు. కానీ ఆ నాలుగు చినుకులూ పడేది మీరు సైకిలు తీసిన రోజే. అందుకని కొనాల్సిందే. ఏది కొనాలో చెప్పే ముందు బురద ప్రయాణం ఎలా సాగుతుందో చూద్దాం.

మీ ఇంట్లో సంగటి కెలకడం చూశారా? మా అవ్వ కుండను దించి, గుడ్డ చుట్టిన రెండు పాదాల మధ్య అదిమిపట్టి, రెండు చేతులతో తెడ్డు తిప్పేది. ముద్ద తెడ్డుకు పట్టుకుంటుంది. తిప్పినంతసేపూ తెడ్డుతోనే తిరుగుతుంది. తెడ్డు పైకి తీసి గట్టిగా విదిలిస్తే, పట్టు వదిలిన క్షణంలో తెడ్డు ఎటు పోతోందో ముద్ద అటే ఎగిరిపోతుంది. ఒకసారి అలా ఎగిరిన ముద్ద దూలానికి అతుక్కుని సంక్రాంతికి సున్నం వేసేదాకా అక్కడే ఉంది.

సైకిలు చక్రం కూడా తెడ్డే. కాకపోతే ఆగకుండా తిరిగే తెడ్డు. నేల మీద బురద అంటించుకున్న టైరు వెనకవైపు నుంచి పైకి లేస్తుంది, ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఫోర్కు మధ్యగా దూరుతుంది, పైన ముందుకు తిరిగి, ముందువైపు నుంచి కిందికి దిగుతుంది. పైకి లేస్తున్నప్పుడు పట్టు వదిలిన బురద పైకే పోయి ఫోర్కు మెడకూ ఫ్రేము కింది గొట్టానికీ కొడుతుంది, కొంత మీ బూట్ల మీద పడుతుంది. టైరు పైభాగానికి చేరాక వదిలిన బురద ముందుకు పోతుంది. పాప ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అది మామూలుగా పోదు, సైకిలు కంటే వేగంగా పోతుంది. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే చక్రం పైఅంచు 30 కిలోమీటర్ల వేగంతో ముందుకు కదులుతుంటుంది. అక్కడ వదిలిన చుక్క మీకంటే ముందు దూసుకుపోతుంది. చిన్న చుక్కను గాలి ఇట్టే ఆపేస్తుంది. మిమ్మల్ని ఆపదు. మీరు వెనకనే వెళ్ళి ఆ చుక్కను ముఖంతో అందుకుంటారు.

పైఅంచుకు రెట్టింపు వేగం ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. దానికి లెక్క ఉంది, పై తరగతుల్లో మీ అయ్యవారు చెబుతారు. నేను చెప్పను. మీరే చూడండి. పొద్దు వాలి వెలుతురు తగ్గాక ఫోనును గోడకు ఆనించి, కదలకుండా పెట్టి, ఎదురుగా అడ్డంగా పోయే సైకిలును ఫొటో తీయండి. నేలకు దగ్గరున్న స్పోకులు విడివిడిగా కనబడతాయి. పైనున్నవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. నేలను తాకేచోట టైరు ఆ ఒక్క క్షణం కదలనే కదలదు! పరుగెత్తే సైకిలులో ఎప్పుడూ ఏదో ఒక చోటు నిలిచే ఉంటుంది. ఈ సంగతి తెలిసి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ వీధిలో సైకిలు పోతుంటే నా చూపు ఆ చోటికే పోతుంది.

సరే, మడ్‌గార్డు దగ్గరికి వద్దాం. సంగటిని మాత్రం ఇప్పుడే వదలను.

రాగిపిండి ఒకటే. నీళ్ళు ఎక్కువైతే అంబలి, తక్కువైతే సంగటి. మన సీమలో నేలలూ అంతే. అనంతపురం ఎర్రనేల ఇసుక కలిసిన నేల. వాన పడితే అంబలి అవుతుంది. చిందుతుంది, చిమ్ముతుంది, కళ్ళలో ఇసుక కొడుతుంది, కానీ దేనికీ గట్టిగా పట్టుకోదు. జమ్మలమడుగు, కోవెలకుంట్ల, ఆదోని వైపు నల్లరేగడి అలా కాదు. అది సంగటి. చిందడం తక్కువ, పట్టుకోవడం ఎక్కువ. ఒకసారి పట్టుకుంటే మళ్ళీ మీరు వదిలించాల్సిందే. వేసవిలో ఆ నేల కట్టెపుల్ల దూరేంత పగుళ్ళు ఇస్తుంది. మా గోలీలు ఎన్ని వాటిలోకి దొర్లిపోయాయో. వాన పడగానే నీళ్ళు తాగి ఉబ్బి ఆ పగుళ్ళన్నీ మూసేసుకుంటుంది.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. చుట్టూ శనగ చేలు, జొన్న చేలు. మా నాయనకు నల్ల సైకిలు ఉండేది, రెండు చక్రాలకూ ఇనుప మడ్‌గార్డులు. తారురోడ్డు మీద అది రాజా. ఉత్తర, హస్త కార్తెల వానలకు చేని బాట పట్టిందంటే వంద గజాలు పోయేలోపు మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య కూరుకుపోయి చక్రం బిగుసుకునేది. తొక్కితే కదలదు, తోస్తే కదలదు. నాయన క్యారియరుకు ఎప్పుడూ ఒక చింతబరికె కట్టి ఉంచేవాడు, ఆ మట్టి పొడవడానికి. పొడిచి, పది అడుగులు తోసి, మళ్ళీ పొడిచేవాడు. విసుగొస్తే సైకిలును భుజాన వేసుకునేవాడు. వెనక నేను చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాణ్ణి, ఎందుకంటే ఆ నేలలో చెప్పు అడుగడుగుకూ బరువెక్కుతుంది. ఇల్లు చేరాక మడ్‌గార్డు లోపలి నుంచి మట్టిని ఊడదీయడం నా పని. జాగ్రత్తగా తీస్తే జానెడు పొడవు ముక్క చెక్కుచెదరకుండా వచ్చేది. ఒకవైపు మడ్‌గార్డు వంపు నున్నగా, రెండోవైపు టైరు గీతలన్నీ అచ్చు పడి. వాటిని ప్రహరీ మీద ఆరబెట్టేవాళ్ళం. ఎండిన ముక్కను వేలితో తడుతుంటే ఖణఖణమనేది. ఊళ్ళో చాలామంది వానాకాలం వస్తూనే ముందు మడ్‌గార్డు విప్పి అటకెక్కించేసేవారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మడ్‌గార్డును బొమ్మ చూసి కాదు, మీ ఊరి మట్టిని చూసి ఎంచుకోవాలి. కుండలో తెడ్డు సులువుగా తిరగాలంటే కుండకూ తెడ్డుకూ మధ్య చోటు ఉండాలి. అంబలికి కొద్ది చోటు చాలు. సంగటికి చాలదు.

ఇప్పుడు పాపకు అంగట్లో చూపించిన మూడు రకాలు. ఉత్తరంలో బొమ్మలు గీసి పంపింది కాబట్టి గుర్తుపట్టాను.

ఒకటి ఇనుప కడ్డీలతో చక్రాన్ని సగం దాకా కప్పేది. మా నాయన సైకిలుకు ఉన్నదీ ఆ జాతిదే. రోడ్డు మీద బడికి పోవడానికి దాన్ని మించింది లేదు. గుట్టదారికి మాత్రం వద్దు. ఒక రాయో కంపపుల్లో దానికీ చక్రానికీ మధ్య ఇరుక్కుంటే ముందు చక్రం ఠక్కున ఆగిపోతుంది, మీరు హ్యాండిల్ మీదుగా ముందుకు పోతారు. ఈ భయం వల్లనే జర్మనీకి చెందిన ఎస్‌కేఎస్ కంపెనీ తన ముందు మడ్‌గార్డు కడ్డీలకు, ఏదైనా ఇరుక్కుంటే వాటంతట అవే ఊడివచ్చే క్లిప్పులు పెట్టింది.

రెండోది పలుచని ప్లాస్టిక్ రేకు. మీ సైకిలు ముందు ఫోర్కును చూడండి. రెండు కాళ్ళనూ టైరు మీదుగా కలుపుతూ ఒక వంపు ఉంటుంది. ఈ రేకును మడిచి ఆ వంపుకూ కాళ్ళకూ ప్లాస్టిక్ టైలతో కడతారు, కరెంటు పనివాళ్ళు వైర్లు కట్టే అవే టైలు. ఫాక్స్, రాక్‌షాక్స్ అనే కంపెనీల కొత్త ఫోర్కులు కొన్నింటికి ఆ వంపులోనే మరలు బిగించే రంధ్రాలు ఉంటాయి, టైలు అక్కరలేదు. చూడటానికి ఈ రేకు అల్పంగా ఉంటుంది కానీ ఒక గొప్ప తెలివి ఉంది. గతుకులో పడ్డప్పుడు షాకప్ నొక్కుకుంటుంది కదా. అప్పుడు ఆ వంపు కూడా చక్రంతో పాటే కదులుతుంది. కాబట్టి రేకుకూ టైరుకూ మధ్య ఎడం ఎప్పుడూ మారదు. టైరు వచ్చి రేకును కొట్టదు.

మూడోది ఫోర్కు మెడ కింద ఉండే రంధ్రంలోకి దూర్చి బిగించేది, పైన రెక్క విప్పుకుని ఉంటుంది. ఇది ఫోర్కు మెడతో పాటే ఉంటుంది, చక్రంతో పాటు పైకీ కిందికీ కదలదు. అందువల్ల షాకప్ పూర్తిగా నొక్కుకున్నా టైరు తగలనంత ఎత్తులో ఉండాలి. ఎత్తులో ఉంటుంది కాబట్టి పక్కల నుంచి కొంత బురద తప్పించుకుంటుంది, గతుకుల్లో కటకటమంటుంది కూడా. కానీ మట్టి కూరుకోదు.

అనంతపురం పాపా, నీది అంబలి నేల. నీకు రెండో రకం. అందులోనూ పొట్టిది వద్దు. అంగట్లో ఎక్కువగా కనబడే అరచేయంత రేకు వెనకవైపే పొడవుగా ఉంటుంది. అది ఫోర్కు సీళ్ళను, అంటే షాకప్‌లోకి మట్టి పోకుండా ఆపే రబ్బరు వలయాలను కాపాడుతుంది, నీ కళ్ళను కాదు. బురద ముందుకు పోయి ముఖానికి తగులుతుందని చెప్పాను కదా, కాబట్టి వంపు దాటి ముందుకు కూడా బాగా సాగినది చూసుకో. వెడల్పు కూడా చూడు. టైరు పక్కన 29 x 2.25 అని ఏదో ఒకటి అచ్చువేసి ఉంటుంది. రెండో అంకె టైరు వెడల్పు, అంగుళాల్లో. 2.25 అంటే సుమారు 57 మిల్లీమీటర్లు. మడిచి కట్టాక రేకు అంతకంటే రెండు పక్కలా వేలెడు ఎక్కువ ఉండాలి. ఇంకొకటి, వంపు ఫోర్కుకు ముందుందో వెనకుందో చూసి కొను. దాదాపు అన్నింటికీ ముందే ఉంటుంది. మానిటూ అనే కంపెనీ ఫోర్కులకు మాత్రం వెనక ఉంటుంది. ముందు వంపుకు కోసిన రేకు దానికి కుదరదు.

కొనకపోయినా ఫరవాలేదు. పాత ప్లాస్టిక్ ఫైలు అట్ట ఉంటే ముందు కాగితం మీద ఆకారం గీసి, కట్టి చూసి, తర్వాత అట్ట కోసుకోవచ్చు. అంచులు గరుకు కాగితంతో రుద్దండి. టై తోకలు మొదలంటా కత్తిరించండి, మిగిలిన మొన బ్లేడు కంటే దారుణంగా గీరుతుంది. టై కట్టేచోట ఫోర్కుకు ఇన్సులేషన్ టేపు చుట్టండి, లేకపోతే ఇసుక ఇరికి రంగు తినేస్తుంది. బయల్దేరే ముందు ప్రతిసారీ రేకు పట్టుకుని లాగి చూడండి. వదులైన రేకు టైరు కిందికి మడతపడితే, అసలు మడ్‌గార్డు లేకపోవడమే నయం.

నల్లరేగడి పిల్లలకు వేరే మాట. టైరుకూ ఫోర్కు వంపుకూ మధ్య మీ వేలు పెట్టి చూడండి. ఒక్క వేలే దూరితే ఆ సందులో ఇంకో రేకు పెట్టకండి, సంగటి నింపుకున్నట్టే. మూడో రకం కొనుక్కోండి, ఫోర్కు రంధ్రం కొలత సరిపోతుందో లేదో అంగట్లోనే బిగించి చూసి మరీ. సంగటి ముద్ద చేసేముందు అవ్వ చెయ్యి తడుపుకునేది కదా, అలాగే రెక్క లోపలివైపు కొద్దిగా కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడవండి, మట్టి తొందరగా ఊడుతుంది. ఆ గుడ్డ, ఆ చెయ్యి బ్రేకు డిస్కుకు మాత్రం తగలకూడదు. నూనె పట్టిన బ్రేకు పట్టదు.

ఇంకా మంచి సలహా కావాలంటే, వాన వెలిసిన రోజు రేగడి బాటలోకి పోకండి. తడి మీద మీరు చేసిన గాడి ఎండాక రాయి అవుతుంది. ఆ బాటన రోజూ నడిచే రైతు కాలు మడతపడేది అందులోనే. ఆ రోజు కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు మీద గట్టి దారి ఉన్నచోట తొక్కండి. ఏ నేల మీద తొక్కినా కళ్ళకు మామూలు అద్దాలు పెట్టుకోండి. ఏ మడ్‌గార్డూ అన్ని చుక్కలనూ ఆపదు. తిరిగొచ్చాక సైకిలూ చొక్కా మీరే కడగండి. బురదలో ఆడింది మీరు, అమ్మ కాదు.

ఇక అంగడికి పోయేముందు ఈ పని చేయండి. అన్నను హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రం పైకెత్తమనండి. మీరు టైరు మీద చెంబెడు నీళ్ళు పోసి, చక్రం ముందుకు పోయే దిక్కులోనే గట్టిగా తిప్పండి. స్పోకుల్లోకీ డిస్కు దగ్గరికీ వేళ్ళు పోనీయకండి. ఇంకొకరు పాత దినపత్రికను చక్రానికి ముందు పట్టుకుని, మెల్లగా పైకి జరుపుతూ ఫోర్కు దాకా తీసుకురావాలి. కాగితం ఎక్కడ ఎక్కువ తడిసిందో అక్కడ పెన్సిలుతో గీత గీయండి. వంపు నుంచి ఆ గీత దాకా ఎంత ఉందో కొలవండి. వంపుకు ముందు మీకు కావలసిన రేకు పొడవు అదే. ఆ కొలత, టైరు మీది అంకెలు, మీ ఊరి మట్టి రంగు రాసి పంపండి.

మీ తాతయ్య