థెరపిస్టుకు చెయ్యి తిరిగేదెలా?

కుక్కంటే వణికిపోయే ఎనిమిదేళ్ల పాపను చూస్తే, "ఏం కాదమ్మా, అది కరవదు" అని ఊరడించాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచననూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే మానసిక చికిత్స) చేసేవారు మాత్రం ఆ మాటను నోట్లోనే ఆపుకోవాలి. కుక్క కనబడగానే మనసులో ఏ మాట మెదులుతుందో ఆ పాపతోనే చెప్పించి, మొదట కుక్క బొమ్మ, తరువాత గొలుసుతో కట్టేసిన కుక్క, ఇలా మెట్టు మెట్టుగా భయానికి దగ్గర చేయాలి. ఈ చికిత్సకు గట్టి ఆధారాలున్నాయి. ఆందోళన సమస్యలున్న, 7 నుంచి 17 ఏళ్ల వయసు 488 మందితో అమెరికాలో జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ థెరపీ ఒక్కటే పొందినవారిలో 60 శాతం మంది బాగా మెరుగుపడగా, మందు లేని ఉత్తి మాత్ర తీసుకున్నవారిలో 24 శాతమే మెరుగుపడ్డారు.

అయితే ఆ ఫలితం మామూలు క్లినిక్‌కు వచ్చే పిల్లలకూ అందాలంటే అక్కడి థెరపిస్టుకు ఆ పని చేతనవ్వాలి. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ కెండాల్, రినాద్ బీడాస్ బృందం 115 మంది థెరపిస్టులకు మూడు పద్ధతుల్లో శిక్షణ ఇచ్చింది: కొందరికి మామూలు వర్క్‌షాప్, కొందరికి కంప్యూటర్ పాఠాలు, మిగిలినవారికి చేయించి నేర్పే తరగతులు. నేర్చుకున్నది చెప్పమనకుండా, రోల్ ప్లేలో, అంటే ఎదుట పిల్లవాడున్నట్టు నటిస్తూ, చేసి చూపించమని అడిగి మార్కులు వేశారు. 2012లో వెలువడిన ఫలితాల్లో మూడు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. శిక్షణ తరువాతి మూడు నెలల్లో నిపుణులతో ఎక్కువ గంటలు సంప్రదించినవారే ఎక్కువ నైపుణ్యం చూపారు. తరగతికి హాజరైతే చాలు సర్టిఫికెట్ చేతికిచ్చే పద్ధతి పిల్లలకు అన్యాయమని నేను నమ్మడానికి ఇదే కారణం.

నైపుణ్యాన్ని కొలవడమూ సులువు కాదు. పెద్దల థెరపీకి 1980లో తయారైన కొలమానం పిల్లల విషయంలో సరిపోదు. అందుకే బ్రిటన్‌లో పాల్ స్టాలర్డ్ తన సహచరులతో కలిసి పిల్లల కోసం 14 అంశాల కొలమానాన్ని రూపొందించారు. ఒక్కో అంశానికి 0 నుంచి 6 వరకు మార్కులు. మాట పిల్లల వయసుకు తగ్గట్టు ఉందా, పని వాళ్లకు సరదాగా అనిపిస్తోందా అన్నవి కూడా అందులో ఉన్నాయి.

వయసుకు తగ్గ మాట అన్నచోట తెలుగు థెరపిస్టులు మరింత ఆగి ఆలోచించాలి. బెరుకు, బెంగ, దిగులు మనకు ఒకటి కావు. "అమ్మ మీద బెంగగా ఉంది" అన్న పిల్లవాడి మాటను "అంటే భయమేస్తోందా?" అని మార్చేస్తే, వాడు తలూపుతాడు. కాగితం మీద భయం అని పడుతుంది, బెంగ సంగతి ఇక ఎవరూ అడగరు. సెషన్ రికార్డింగ్ వినే పరీక్షకుడు మార్కు తగ్గించవలసింది సరిగ్గా అక్కడే.