ఎలుక చావలేదు, టీషర్టు ఆరలేదు

శ్రావణ మాసంలో ఒక సోమవారం పొద్దున మా ఆఫీసులో చచ్చిన ఎలుక కోసం వెతికారు. అటెండర్ బీరువాలు జరిపాడు, కంప్యూటర్ల కింద టార్చి కొట్టాడు, ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి తీసి తల లోపలికి పెట్టి చూశాడు. నేను కూడా స్టూలు పట్టుకున్నాను. చివరికి ఆయన నా టేబుల్ దగ్గర ఆగి, రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "సార్, ఏమనుకోకున్రి గానీ, వాసన మీ సొరుగుల్నించే వస్తుంది" అన్నాడు.

సొరుగులో ఎలుక లేదు. ప్లాస్టిక్ కవర్లో ముడేసిన టీషర్టు, బనీను, సాక్సులు ఉన్నాయి. శనివారం పొద్దున సైకిల్ మీద వచ్చి విప్పినవి. సాయంత్రం వాన పడుతుంటే ఎవరి కారులోనో ఇంటికి పోయాను. వాటి సంగతే మరిచిపోయాను.

మా ఇల్లు పానగల్లు అవతల. ఉదయ సముద్రం చెరువు పక్క నుంచి నల్లగొండ గడియారం సెంటర్ వైపు రోజూ అరగంట తొక్కుడు. మొదటి నెలంతా "బండి ఖరాబైందా అన్నా" అని అడిగినవాళ్లే. ఇప్పుడు అడగడం మానేశారు. ఎండ, లారీలు, కుక్కలు, అన్నీ అలవాటయ్యాయి. అలవాటు కానిది ఒక్కటే: దిగిన తర్వాత ఆ తడి బట్టల్ని ఎక్కడ పెట్టాలి? ఎలుక సంఘటన తర్వాత ఈ ప్రశ్నను కాస్త సీరియస్‌గా తీసుకోక తప్పలేదు.

ముందు వాసన సంగతి. అప్పుడే కారిన చెమటకు దాదాపు వాసన ఉండదు. మన ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులుంటాయి. వాటిలో చాలా వరకు వదిలేది నూటికి 99 పాళ్లు నీళ్లే. మిగతాది ఉప్పు, కొద్దిగా యూరియా, లాక్టిక్ ఆమ్లం. చంకల్లో మాత్రం ఇంకో రకం గ్రంథులు కూడా ఉంటాయి. అవి కొవ్వులు, ప్రోటీన్లు కలిసిన చిక్కటి ద్రవాన్ని వదులుతాయి. అదీ మొదట్లో వాసన లేనిదే. చర్మం మీద కాపురముండే స్టాఫిలోకాకస్, కొరైనీబ్యాక్టీరియం లాంటి సూక్ష్మజీవులు దాన్ని తిని ముక్కలు చేసినప్పుడు కంపు పుడుతుంది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం విరిగితే ఐసోవలెరిక్ ఆమ్లం వస్తుంది. బూట్లు విప్పినప్పుడు కొట్టేది అదే. చంకల నుంచి వచ్చే ఉల్లిగడ్డ లాంటి ఘాటుకు గంధకం కలిసిన అణువులు కారణం. అవి రవ్వంత ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది.

ఉతికినా సరిగా ఆరని బట్టల నుంచి వానాకాలంలో వచ్చే ముక్కిన వాసన ఇంకో రకం. దాని వెనక మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా ఉందని జపాన్ పరిశోధకులు 2012లో చూపించారు. మా సొరుగులో వీళ్లంతా కలిసి పెళ్లి చేసుకున్నట్టున్నారు.

ఈ జీవులన్నిటికీ కావలసింది తడి, వెచ్చదనం, తిండి, కాస్త సమయం. ముడేసిన కవర్లో నాలుగూ ఉన్నాయి. అవి తిండి దొరికి పెరగడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ లోపే గుడ్డ ఎండిపోతే వాటి పని ఆగిపోతుంది. కాబట్టి పక్క సీటువాళ్లను ఇబ్బంది పెట్టేది బట్ట తడిగా ఉండడం కాదు, చాలాసేపు తడిగా ఉండడం. అందరి ముందూ హ్యాంగర్‌కు వేలాడే టీషర్టు కన్నా మర్యాదగా సంచిలో దాచిన టీషర్టే ఎక్కువ కంపు కొడుతుంది. సిగ్గుపడి దాచేకొద్దీ పరువు పోతుందన్నమాట.

ఇప్పుడు ఆరడం గురించి. ఒక గ్రాము నీటిని సున్నా డిగ్రీల నుంచి మరిగేదాకా వేడి చేయడానికి 100 కేలరీలు చాలు. అదే గ్రామును మామూలు గది వేడిలో ఆవిరి చేయాలంటే సుమారు 580 కేలరీలు కావాలి. ఆ వేడి చుట్టూ ఉన్న గాలి నుంచి, గుడ్డ నుంచి వస్తుంది. అందుకే ఫ్యాను కింద ఆరే బట్ట ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. మట్టి గోడలోంచి ఊరిన చెమ్మ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని పట్టుకుపోతుంది. మన ఒంటికి చెమట చేసే ఉపకారమూ అదే.

ఈ లెక్కలో ఒక ఉపాయం ఉంది. పిండితే పోయే నీటికి ఆ 580 కేలరీల ఖర్చు లేదు. కాబట్టి మొదటి పని ఆరేయడం కాదు, పిండడం. చేత్తో మెలితిప్పి పిండితే కుట్లు సాగుతాయి, పైగా చాలా నీళ్లు గుడ్డలోనే ఉంటాయి. నేను చేసేది ఇలా: పొడి తువాల టేబుల్ మీద పరిచి (టేబుల్ అంటే స్టోర్‌రూమ్‌లోని పాత టేబుల్, భోజనాలు చేసేది కాదు), దాని మీద టీషర్టు పరిచి, రెండూ కలిపి చాపలా గట్టిగా చుట్టి, ఆ చుట్ట మీద మోకాలుతో ఒకసారి అదుముతాను. పొడి నూలు పోగుల సందులు తడిని తమలోకి గుంజుకుంటాయి. విప్పి చూస్తే టీషర్టు తేమగా మాత్రమే ఉంటుంది. దీనికి మందపాటి టర్కీ టవల్ వద్దు. అది నీళ్లు బాగానే తాగుతుంది గానీ సాయంత్రం దాకా తానే ఆరదు. చేనేత పల్చని తువాల అరగంటలో ఎండిపోతుంది. రెండు మూరల గుడ్డకు ఇంత పొగడ్త ఎందుకంటారా, వాడి చూడండి.

తర్వాత గాలి. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదు. 40 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 51 గ్రాములు పడుతుంది, 28 డిగ్రీల దగ్గర 27 గ్రాములే. నల్లగొండ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు, తేమ నూటికి 25 అనుకుందాం. 51లో 13 గ్రాములు అప్పటికే నిండి ఉంటాయి, ఇంకా 38 గ్రాములకు జాగా ఉంటుంది. శ్రావణంలో 28 డిగ్రీలు, తేమ నూటికి 80 అనుకుంటే మిగిలే జాగా అయిదు గ్రాముల చిల్లర. ఏడో వంతు! మేలో దండెం మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరే బనీను ఆగస్టులో పొద్దుగూకినా మెత్తగానే ఎందుకుంటుందో ఈ లెక్క చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడే నేను ఒక వేసవి అంతా బోల్తా పడ్డాను. అప్పటికి మా హాల్లో ఏసీ లేదు, పెద్ద కూలర్ ఉండేది. అంత గాలి కొడుతోంది కదా అని దాని ముందు టీషర్టు తగిలించేవాణ్ని. ఎంతకీ ఆరేది కాదు. కూలర్ గాలి తడిసిన గడ్డిలోంచి వస్తుంది. దారిలోనే కడుపు నిండా నీళ్లు తాగి వస్తుంది, ఇక నా టీషర్టు నుంచి తీసుకోవడానికి దాంట్లో జాగా ఎక్కడిది? నీళ్ల మోటరు ఆపి ఫ్యాను మాత్రం తిప్పితే ఆరుతుంది గానీ, మే నెలలో ఒక టీషర్టు కోసం పది మంది కూర్చున్న హాల్లో కూలర్ మోటరు ఆపినవాడు సాయంత్రం దాకా బతికి బయటపడడు.

ఏసీ గది దీనికి సరిగ్గా ఉల్టా. ఏసీ లోపలి చల్లని గొట్టాల మీద గదిలోని తేమ నీళ్లుగా మారి, పైపు గుండా బయటికి కారిపోతుంది. 24 డిగ్రీలు, తేమ సగం ఉన్న ఏసీ గది గాలిలో ఘనపు మీటరుకు ఇంకా 11 గ్రాముల జాగా ఉంటుంది. అంటే ముసురు పట్టిన రోజు బయట వరండాలో కన్నా చల్లటి ఏసీ గదిలోనే బట్టలు త్వరగా ఆరతాయి. వేడి ఉంటేనే ఆరుతుందని మనకు ఒక నమ్మకం. గాలి పొడిగా ఉంటే చాలు, పైగా అది కదులుతుండాలి. కదలని గాలిలో గుడ్డను అంటుకుని ఒక పల్చని తడి గాలి పొర పేరుకుంటుంది, దాన్ని దాటుకుని ఆవిరి బయటపడాలి. ఫ్యాను ఆ పొరను ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. చిన్న టేబుల్ ఫ్యాను చాలు.

అలాగని నలుగురు కూర్చున్న ఏసీ గదిలో ఆరేయమని నేను చెప్పను. చూసేవాళ్లకు వాసన రాకున్నా వచ్చినట్టే ఉంటుంది. ఎవరూ కూర్చోని చోటు కావాలి. చాలామందికి ముందు తట్టేది రికార్డ్ రూమ్. వద్దు. పది అడుగులకు పన్నెండు అడుగులు, పది అడుగుల ఎత్తున్న గది తీసుకోండి. సుమారు 34 ఘనపు మీటర్లు. బట్టల్లోంచి 100 గ్రాముల నీళ్లు ఆవిరైతే ఘనపు మీటరుకు మూడు గ్రాములు పెరుగుతుంది. 24 డిగ్రీల దగ్గర ఇది తేమను 50 నుంచి 63 దాకా లేపుతుంది. తలుపు మూసి ఉంటే ఆ తేమ పోయేది ఫైళ్లలోకే. కాగితం కూడా నూలు లాంటిదే, తేమ కనిపిస్తే వదలదు. కాగితం తినే వెండిపురుగులకు, బూజుకు నా చెమటతో విందు పెట్టడం బాగోదు.

నాకు దొరికిన మంచి చోటు డాబా మీదికి పోయే మెట్ల మలుపు. కింద కిటికీ, పైన తలుపు తీసి ఉంటాయి, గాలి ఎప్పుడూ గుంజుతూ ఉంటుంది. అంతకన్నా మంచిది డాబా మీది ఏసీ అవుట్‌డోర్ యూనిట్ ముందు. అది వదిలే గాలి బయటి గాలి కన్నా బాగా వేడిగా ఉంటుంది. అదే తేమ ఉన్న గాలిని వేడి చేస్తే దానికి కొత్తగా జాగా పుడుతుంది కాబట్టి, వానాకాలంలో దీన్ని మించిన డ్రయ్యర్ లేదు. అయితే యూనిట్ జాలీకి అడ్డంగా మాత్రం తగిలించకండి. వేడి బయటికి పోక ఏసీ ఆయాసపడుతుంది. నాలుగడుగుల దూరంలో ఒక హ్యాంగర్, రెండు క్లిప్పులు చాలు.

హ్యాంగర్‌కు తగిలించేటప్పుడు టీషర్టు తిరగేయాలి. చంకలు, కాలరు, నడుం దగ్గరి కుట్లు, వీటిలో గుడ్డ రెండు మూడు మడతలుంటుంది. పైపైని నీళ్లు ఒకే వేగంతో పోతాయి గానీ, ఆ తర్వాత పోగుల లోపల ఇరుక్కున్నది నింపాదిగా బయటికి వస్తుంది. ఛాతీ దగ్గర ముట్టుకుని ఆరిందనుకుంటాం, చంక దగ్గర ఇంకా చెమ్మగానే ఉంటుంది. వాసన పుట్టేదీ అక్కడే. బనీను కనిపించకూడదని దాని మీద చొక్కా కప్పడం నేనూ చేశాను. రెండూ ఆరలేదు.

నూలు మంచిదా, పాలిస్టర్ మంచిదా? దీనికి సూటి జవాబు లేదు. మామూలు వాతావరణంలోనే నూలు తన బరువులో నూటికి 8.5 వంతుల తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 మాత్రమే. అందుకే జెర్సీలు త్వరగా ఆరతాయి. కానీ పాలిస్టర్‌కు నీళ్లంటే పడదు గానీ జిడ్డంటే ప్రాణం. ఒంటి నూనెలు దాన్ని పట్టుకుని వదలవు. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 26 మందితో గట్టిగా స్పిన్నింగ్ సైకిల్ (ఉన్నచోటే తొక్కే జిమ్ము సైకిల్) తొక్కించి, ఆ టీషర్టుల్ని 28 గంటలు అలాగే ఉంచి వాసన చూశారు. పాలిస్టరే ఎక్కువ కంపు కొట్టింది. దాని మీద మైక్రోకాకస్ జాతి బ్యాక్టీరియా బాగా పెరిగింది. 2014లో అచ్చయింది ఆ పరిశోధన. వాసన చూసినవాళ్ల ఓపికకు దండం. నా మటుకు నేను ఎండాకాలం నూలు వేస్తాను, వానాకాలం పాలిస్టర్ వేసి ఇంటికి రాగానే ఉతుకుతాను. ఉన్ని గురించి చెప్పాలంటే గొల్లకురుమల గొంగడిని అడగాలి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ దాచుకుని కూడా తడిగా అనిపించదు. అయినా గొంగడి కప్పుకుని సైకిల్ తొక్కలేం.

నల్ల టీషర్టు ఆరాక వీపు మీద తెల్లటి గీతలతో మ్యాపు గీసినట్టుంటుంది, చూశారా? అది ఉప్పు. గాలిలో తేమ నూటికి 75 దాటితే ఉప్పు నీళ్లను గుంజుకుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో ఇంట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. ఆరిన చెమట టీషర్టు సాయంత్రం వేసుకోగానే జిగటగా తగిలేదీ ఇందుకే. కాబట్టి ముసురు రోజుల్లో మాత్రం నల్లా కింద మంచినీళ్లలో ఒకసారి జాడించి, తువాలలో చుట్టి అదిమి, అప్పుడు తగిలిస్తాను. కొత్తగా నీళ్లు పట్టించినట్టే అనిపిస్తుంది గానీ, ఉప్పూ పోతుంది, బ్యాక్టీరియా తిండీ పోతుంది. ఎండాకాలం ఆ శ్రమ అక్కర్లేదు.

సెంటు కొట్టడం దండగ. కంపు మీద మల్లెపూల వాసన పడితే మల్లెపూల కంపు అవుతుంది. దానికన్నా మంగలి షాపులో గడ్డం గీశాక రాసే పటిక నయం, స్నానం చేశాక తడి చంకల్లో రాస్తే బ్యాక్టీరియా జోరు తగ్గుతుంది. పటికకు మా జిల్లాతో పాత చుట్టరికం ఉంది లెండి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు.

బూట్లలో పాత పేపర్ ఉండలు చుట్టి కుక్కితే చాలు, గంటకోసారి మార్చాలి. సాక్సులకు మాత్రం నేను ఇంకా దారి కనుక్కోలేదు. మడమ దగ్గర అల్లిక మందం, ఎంత చేసినా అక్కడ చెమ్మ మిగులుతుంది. రోజూ రెండో జత తెచ్చుకుంటున్నాను.

మొన్న అటెండర్ ఏసీ పైపు కింద పెట్టిన బకెట్ తీసుకుపోతుంటే ఏం చేస్తావని అడిగాను. "మందారం చెట్టుకు పోస్తున్న సార్, ఈ నీళ్లు మస్తు మంచిగుంటయి" అన్నాడు. నిజమే, దాంట్లో ఫ్లోరైడ్ లేదు, ఉప్పూ లేదు. గాలిలోని తేమతో పాటు హాల్లో కూర్చున్న అందరి ఊపిరి, అందరి చెమట ఆవిరై గొట్టాల మీద చేరి కారినవే ఆ నీళ్లు. పానగల్లు రోడ్డు మీద నాకు పట్టిన చెమట కూడా కొంత అందులో ఉంటుంది. ఆయనకు ఆ సంగతి చెప్పలేదు.