మ్యాప్‌లో కొల్లేరు ఎందుకు కనపడట్లేదంటే

చంటీ, చిన్నీ,

ఫోన్లో మ్యాప్ పెద్దది చేసి చూసి, "తాతయ్యా, కొల్లేరు అని పేరుంది గానీ సరస్సేదీ, అన్నీ గళ్ళగళ్ళ చెరువులేగా" అని మెసేజ్ పెట్టారు. మంచి ప్రశ్న. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా, చదవండి.

ఇటు మన గోదావరి, అటు కృష్ణ, రెండూ వేల ఏళ్ళ పాటు ఒండ్రు తెచ్చి పోసి సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ పోయాయి. ఎవరి డెల్టా వాళ్ళు పెంచుకున్నారు గానీ మధ్యలో పల్లం పూడలేదు. ఆ పల్లమే కొల్లేరు. మంచినీళ్ళ సరస్సు, కానీ లోతు చాలా తక్కువ, పళ్ళెంలో పోసిన నీళ్ళలాగా. కాస్త నీరు పెరిగితే చాలు, మైళ్ళ దూరం పరుచుకుంటుంది. ఎండాకాలం మళ్ళీ ముడుచుకుపోతుంది. దీనికి ఫలానా చోట ఒడ్డు అని ఎప్పుడూ లేదు, గొడవలన్నీ అక్కడే మొదలయ్యాయి.

ఒడ్డు లేనిదాన్ని కాగితం మీద ఎలా చూపిస్తారు? ఎత్తుని బట్టి. మా వైపు చదువు రాని ముసలివాళ్ళు కూడా "ఐదో కాంటూరు", "మూడో కాంటూరు" అని మాట్లాడతారు, మీకు వింతగా ఉంటుంది. ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తులో గీసిన గీత. నీళ్ళు అక్కడిదాకా వస్తే సరస్సు 308 చదరపు కిలోమీటర్లు. మూడో కాంటూరు దాకా అయితే 135. రెండడుగుల తేడాకి విస్తీర్ణం సగానికి పైగా పోయింది చూశారా! పదో కాంటూరు దాకా వస్తే 900 దాటుతుంది. 1999లో ఐదో కాంటూరు లోపలంతా వన్యప్రాణి అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో కూడా చేరింది, అంటే ప్రపంచంలో కాపాడుకోవాల్సిన చిత్తడి నేలల జాబితా.

ఇంత జాగా ఎందుకు దానికి అంటారేమో. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా లెక్కలేనన్ని మురుగు కాలవలు, డ్రెయిన్లు అన్నీ వచ్చి ఇందులోనే పడతాయి. కాటన్ దొర 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక కాలవ నీళ్ళతో మన పొలాలు పండాయి, పొలాల్లోంచి దిగిన నీళ్ళు కూడా ఇటే. ఇన్ని దారుల్లో వచ్చిన నీళ్ళు బయటికి పోవడానికి మాత్రం ఒక్కటే దారి, ఉప్పుటేరు. అది నిదానంగా వంకరలు తిరుగుతూ సముద్రానికి పోతుంది, కాబట్టి వానాకాలం నీళ్ళు కొన్నాళ్ళు కొల్లేట్లో ఆగాల్సిందే. ఆగడానికి చోటు లేకపోతే ఊళ్ళ మీద పడతాయి. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది గుర్తుందా, టీవీలో చూశారు. ఆ నీళ్ళు తర్వాత ఇటే వచ్చాయి, సరస్సు మధ్యలో ఉండే లంక గ్రామాల రోడ్లు మునిగాయి. అది టీవీలో పెద్దగా చూపించలేదు లెండి.

ఇక మీరడిగిన చెరువులు. పూర్వం లంకల్లో వాళ్ళు తాటిదోనెల్లో తిరుగుతూ, కిక్కిస గడ్డి మధ్య చేపలు చిక్కే మావులు పెట్టి కొర్రమీను, మట్టగిడస, జెల్ల పట్టుకునేవాళ్ళు. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చెరువులు తవ్వించింది, పేదవాళ్ళు బాగుపడతారని. కొంత బాగుపడ్డారు కూడా, ఆ మాట దాచకూడదు. తర్వాత డబ్బున్నవాళ్ళు లీజుకి తీసుకుని వందల ఎకరాలకి గట్లు పోసేశారు.

చేపల మేత ఎలా వేస్తారో చూస్తే మీకు భలే సరదాగా ఉంటుంది. ప్లాస్టిక్ సంచుల్లో తవుడు, వేరుశనగ చెక్క నింపి, కింది భాగంలో చిన్నచిన్న కన్నాలు పెట్టి, నీళ్ళలో పాతిన గెడలకి వరసగా వేలాడదీస్తారు. సంచి సగం మునిగి ఉంటుంది. బొచ్చెలూ శీలావతులూ వచ్చి మూతితో ఆ కన్నాల్ని పొడుస్తుంటే మేత కొంచెం కొంచెం రాలుతుంది. నీళ్ళు పైకి నిమ్మళంగానే ఉంటాయి గానీ సంచులు మాత్రం ఒకటే కదులుతుంటాయి. అలా పెరిగిన చేప ఐసులో పడి లారీ ఎక్కి బెంగాల్ దాకా పోతుంది.

చేపల మీద నాకేం కోపం లేదు, గట్ల మీదే. నీళ్ళు పరుచుకోవాల్సిన చోట గట్టు ఉంటే అవి పక్క ఊరి మీదకి పోతాయి, మిగిలిన మేతతో కుళ్ళిన చెరువు నీళ్ళు సరస్సులోకి వదులుతారు, గుర్రపుడెక్క బలిసి ఉప్పుటేరుకి అడ్డం పడుతుంది. ఎండాకాలం సరస్సు మట్టం తగ్గితే అదే ఉప్పుటేరు గుండా ఉప్పునీళ్ళు ఎదురెక్కుతాయి.

2005, 2006ల్లో ఆపరేషన్ కొల్లేరు అని అభయారణ్యం లోపలి గట్లని పేల్చేశారు. మంచి పనే, కానీ సంఘంలో వాటానే నమ్ముకున్న లంకలవాళ్ళకి వేరే బతుకుతెరువు సరిగ్గా చూపించలేదు, అది మాత్రం అన్యాయం. చాలా గట్లు మళ్ళీ లేచాయి. 2008లో అసెంబ్లీ అభయారణ్యం హద్దుని మూడో కాంటూరుకి తగ్గించమని తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ మాత్రం వద్దంది, దానికి బదులు లోపల సొంత పట్టా భూములున్న రైతులకి పరిహారం ఇవ్వమంది. నా ఓటు ఆ కమిటీకే, మీ నాన్న ఒప్పుకోడు.

పక్షుల సంగతి చిన్ని అడిగింది. 1940ల్లోనే నీలకంఠన్ అనే ఆయన మన పశ్చిమగోదావరిలో ఆరేడు అనే పేరున్న ఊళ్ళో చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టడం గురించి రాశాడు. అవే పెలికాన్లు. తర్వాత అవి ఆ ఊరు వదిలేశాయి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో గూళ్ళు పెడుతున్నాయి, చెట్లు చాలక అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు పాతితే వాటి మీదా కట్టుకున్నాయి. ఎర్రకాళ్ళ కొంగలు కూడా ఉంటాయక్కడ.

డిసెంబర్ సెలవుల్లో వచ్చేటట్టయితే ముందే చెప్పండి, పొద్దున్నే ఆటపాకలో బోటు ఎక్కిద్దాం. భీమవరంలో గుడివాడ వైపు రైలెక్కి, ఆకివీడు దాటాక కిటికీ దగ్గర కూర్చోండి, ఉప్పుటేరు వంతెన వస్తుంది. నీళ్ళు ఏ వైపు పోతున్నాయో చూసి నాకు చెప్పాలి.

మీ తాతయ్య