ఇస్నోఫీలియా జబ్బు పేరు కాదు

"ఆస్తమా కాదండీ, మా వాడికి ఇస్నోఫీలియా!" ఛాతీ డాక్టరుగా నా ఓపీలో ఈ మాట వినని రోజు లేదు. చేతిలో పాత రిపోర్టు, అందులో ఇస్నోఫిల్స్ 9 శాతం అన్నచోట పెన్నుతో గీసిన సున్నా.

అపోహ: ఇస్నోఫీలియా ఒక జబ్బు. కౌంట్ తగ్గితే నయమైనట్టే.

వాస్తవం: ఇస్నోఫిల్ ఒక తెల్ల రక్తకణం. మైక్రోస్కోపులో కళ్లజోడు అద్దాల్లా రెండు ముక్కల కేంద్రకం, చుట్టూ నారింజ రంగు రేణువులు. ఏలికపాము, కొంకిపురుగుల పిల్లలు ఒంట్లో తిరుగుతుంటే, వాటిని మింగే వీల్లేక ఈ కణాలు వాటికి అతుక్కుని రేణువుల్లోని ఘాటు ప్రోటీన్లను కక్కుతాయి. ఆస్తమాలో పురుగేమీ ఉండదు, ఆ ఘాటంతా మన ఊపిరి గొట్టాల పొర మీదే పడుతుంది. జ్వరం ఎందుకొచ్చిందో చూసినట్టే, కౌంట్ ఎందుకు పెరిగిందో చూడాలి.

మా మేనత్త పన్నెండేళ్లు 'ఇస్నోఫీలియా మనిషి'. తెల్లవారుజామున మూడింటికి లేచి మంచంకోడు పట్టుకుని దగ్గేది. ఊళ్లో ఇచ్చే బోదకాలు బిళ్లలు మింగేది. మధ్యలో స్టెరాయిడ్ పడితే కౌంట్ దిగేది, ఇంట్లో సంబరం. ఆపితే మళ్లీ మొదలు. ఆస్తమా అంటే కూతురికి సంబంధాలు రావని ఆమె భయం, పాపం. నేను పీజీలో చేరాక గొట్టంలో ఊదించి చూస్తే ఆస్తమానే. ఇన్‌హేలర్ చేత పట్టించడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ బిళ్లలు ఉత్తివి కావు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వల్ల వచ్చే ట్రాపికల్ ఇస్నోఫీలియా అనే ఊపిరితిత్తుల జబ్బుకి మూడు వారాలు అవే వాడతాం. గోదావరి జిల్లాల వాళ్లలో దాన్ని మర్చిపోకూడదు కూడా. కానీ అందులో ఆబ్సల్యూట్ కౌంట్, అంటే శాతం కాకుండా ఒక మైక్రోలీటరు రక్తంలో ఉన్న ఇస్నోఫిల్స్ అసలు సంఖ్య, సాధారణంగా 3000 దాటుతుంది. మొత్తం తెల్లకణాలు 5000 ఉంటే 9 శాతం అంటే 450. 500 లోపు మామూలే, టెన్షన్ వద్దు.

పెరుగు తింటే పెరుగుతుందా? లేదు. అంటుకుంటుందా? అంటుకోదు. టైఫాయిడ్‌లో సున్నా వచ్చిందా? ఆ జ్వరంలో తగ్గడం మామూలే. బ్లడ్ క్యాన్సరా? కాస్త పెరిగితే ఆ ఆలోచనే అక్కర్లేదు. వేలల్లో ఉండి నెలల తరబడి దిగకపోతే మాత్రం చూపించుకోండి.

ఒక్కదానికి మాత్రం నాకు నిజంగా భయం. చెప్పుల్లేకుండా పొలంలో తిరిగేవాళ్లకి స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు చర్మం గుండా ఎక్కుతుంది. అప్పుడూ కౌంట్ పెరుగుతుంది. దాన్ని దించాలని సొంతంగా స్టెరాయిడ్ వేసుకుంటే పురుగు ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మందుల షాపులో ఇచ్చిన అట్ట తిప్పి చదవండి. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అని ఉంటే, డాక్టరు రాయందే మింగొద్దు. ఇప్పటికే రోజూ వాడుతుంటే ఠక్కున ఆపొద్దు, ఆ అట్టతో సహా మా దగ్గరికి రండి.