ఎండ ఉంది, కరెంటు లేదు

తుఫాను దాటిన మర్నాడు పొద్దున తొమ్మిదికల్లా ఎండ ఫెళ్లున కాసింది. రాత్రంతా ఊగిపోయిన కొబ్బరిచెట్లు ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. కరెంటు మాత్రం రాలేదు. ఎదురింటి బాబాయిగారు డాబా మీద నిలబడి, తను ముచ్చటపడి పెట్టించుకున్న సోలార్ ప్యానెళ్లకేసి కోపంగా చూస్తున్నారు.

"ఏట్రా అబ్బాయ్ ఇది? నెత్తి మీద సూర్యుడున్నాడు, ప్యానెళ్లున్నాయి, కింద ఫ్యాను తిరగదేటి?"

ఆయన ప్యానెళ్లు పాడవలేదు. అవి చెయ్యాల్సిన పనే చేస్తున్నాయి, అంటే ఆగిపోయాయి. మన ఇళ్ల మీద పెట్టే సోలార్ వ్యవస్థల్లో ఎక్కువ భాగం గ్రిడ్‌కి, అంటే ఊరికి కరెంటు తెచ్చే తీగల వ్యవస్థకి కట్టేసినవే. వీధి తీగలో వచ్చే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె ఇన్వర్టర్. అది ఆ ఊపును చూసి, దానికి తాళం కలుపుతూ తన కరెంటును పంపుతుంది. వీధిలో ఊపు ఆగితే ఇన్వర్టర్ కూడా వెంటనే ఆగాలి, అది నిబంధన. ఎందుకంటే ఆ సమయంలో ఏ స్తంభం మీదో ఒక లైన్‌మన్ తెగిన తీగ కలుపుతూ ఉంటాడు. తీగలో కరెంటు లేదని అతని నమ్మకం. మన డాబా మీంచి కరెంటు వెనక్కి పారితే అతని ప్రాణం పోతుంది.

ఇది చెప్పాక బాబాయిగారి కోపం చల్లారింది కానీ ఉక్కపోత చల్లారలేదు. "మరి అమ్మినవాడు ఈ ముక్క చెప్పలేదేటి?" అన్నారు. నిజమే, చెప్పరు. అమ్మేటప్పుడు మాట్లాడేదంతా బిల్లు ఎంత తగ్గుతుందనే. ప్రభుత్వ రాయితీ కూడా ఆ లెక్కనే నడుస్తోంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కి 30 వేలు, రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు ఆపైన అయితే 78 వేలు. కిలోవాట్లు ఎన్నో చూస్తుంది, చీకటి రాత్రులు ఎన్ని గడుస్తాయో చూడదు.

విశాఖలాంటి ఊరికి ఈ తేడా చిన్నది కాదు. ఇక్కడ చీకటి రాత్రులు ఎలా ఉంటాయో 2014 అక్టోబరు 12, ఆదివారం తర్వాత కొత్తగా చెప్పక్కర్లేదు. హుద్‌హుద్ తుఫాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో ఊరి మీదే తీరం దాటింది. హెచ్చరికలు ముందే అందాయి. పోర్టులో పదో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారంటే దాని అర్థం ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ప్రాణనష్టం 1977 నాటి దివిసీమ ఉప్పెనతో పోల్చే స్థాయిలో లేకపోవడానికి ఆ ముందస్తు కబురే పెద్ద కారణం. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు మాత్రం వేలకు వేలు నేలకూలాయి. మా వీధికి ఆరో రోజు కరెంటొచ్చింది. ఆ ఆరు రోజుల్లో నాకు బాగా గుర్తున్నది గాలి హోరు కాదు, ట్యాంకులో నీళ్లు అయిపోయిన మూడో రోజు. మోటారు ఆడదు కదా.

తర్వాత జరిగిన మరమ్మతుల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ప్రపంచ బ్యాంకు రుణంతో నగరంలో కొన్నిచోట్ల కరెంటు తీగల్ని భూమిలోకి దించారు. దానివల్ల కర్బన ఉద్గారాలు దాదాపు తగ్గవు, కానీ చెట్టు పడితే వీధంతా చీకటవదు. రెండోది వీధి దీపాలు. పాడైపోయిన పాత దీపాల స్థానంలో మళ్లీ అవే పెట్టకుండా, 2015లో ఊరంతా దాదాపు 90 వేల ఎల్‌ఈడీలు బిగించారు. సోడియం దీపం తాగే కరెంటులో ఎల్‌ఈడీకి సగం చాలు. ఎలాగూ ఖర్చు పెట్టక తప్పని చోట, అదే ఖర్చుతో ఉద్గారాలు కూడా తగ్గాయి. మన విధానాల్లో తరచూ లోపించేది ఈ రెండో ఆలోచనే. ఉద్గారాలు తగ్గించేవాళ్లు ఒక గదిలో, తుఫాన్లకు సిద్ధం చేసేవాళ్లు మరో గదిలో కూర్చుంటారు. మా బాబాయిగారి డాబా ఆ రెండు గదుల మధ్య గోడలా మిగిలింది.

పెద్ద లెక్కల్లోనూ ఇదే తంతు. 2070 నాటికి నెట్ జీరో, అంటే వదిలే ఉద్గారాలకు సమానంగా వెనక్కి తీసుకోవడం అని మన దేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, చమురు, గ్యాసు కానివాటి నుంచి ఉండాలన్న 2030 లక్ష్యాన్ని 2025 మధ్యలోనే అందుకున్నాం. మంచిదే. అయితే సామర్థ్యం వేరు, నిజంగా వచ్చే కరెంటు వేరు. ఈ మాట బోధపడాలంటే పరవాడ వైపు వెళ్లి సింహాద్రి థర్మల్ ప్లాంటు చూడాలి. అక్కడి జలాశయం మీద 2021లో 25 మెగావాట్ల తేలియాడే సోలార్ పెట్టారు. అప్పటికి దేశంలో అదే పెద్దది. నీళ్ల మీద ఉండటంతో ప్యానెళ్లు చల్లగా ఉంటాయి, ఒక్కో డిగ్రీ వేడి తగ్గితే సుమారు 0.4 శాతం కరెంటు కలిసొస్తుంది. కింద నీళ్లు ఆవిరవడమూ తగ్గుతుంది. ఫొటోల్లో చాలా అందంగా ఉంటుంది. దాని పక్కనే ఉన్న బొగ్గు ప్లాంటు సామర్థ్యం మాత్రం 2000 మెగావాట్లు. పైగా సోలార్ సాయంత్రం ఆరింటికి ఇంటికెళ్లిపోతుంది, బొగ్గు రాత్రి డ్యూటీ చేస్తుంది. మే నెలలో ఊరంతా ఏసీలు ఆన్ చేసేది ఆ రాత్రి డ్యూటీలోనే.

అందుకే ఇప్పుడు అసలు సమస్య కరెంటు తయారీ కన్నా దాచుకోవడం. ఎగువ సీలేరులో తలపెట్టిన 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి అలాంటిదే. పగటిపూట మిగులు కరెంటుతో నీళ్లను పైకి తోడి, రాత్రి కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. పెట్టిన కరెంటులో ముప్పావు వంతు పైగా తిరిగొస్తుంది.

ఇంట్లో దాచుకోవడానికి బ్యాటరీ ఉంది. బ్యాటరీతో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే కరెంటు పోగానే ముందు వీధి తీగతో సంబంధం తెంపేసుకుని, ఆ తర్వాత ఇంటికి సరఫరా చేస్తుంది. లైన్‌మన్ క్షేమం, మనకూ గాలి. బ్యాటరీ ఖరీదు చూసి బాబాయిగారు నోరు తెరిచారు. నేను ఆయనతో ముందు ఫ్యాన్ల గురించి మాట్లాడాను. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దాకా లాగుతుంది. ఒక యూనిట్ కరెంటు దాచుకుంటే పాత ఫ్యాను 13 గంటలు తిరుగుతుంది, కొత్తది 33 గంటలు. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజుల లెక్కన ఒక్క ఫ్యానుకే 162 యూనిట్లు మిగులుతాయి. మన గ్రిడ్‌లో యూనిట్‌కి 700 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి అది వంద కిలోలకు పైమాటే. మామూలు రోజుల్లో ఉద్గారాలు తగ్గించే ఫ్యానే తుఫాను రోజున బ్యాటరీని రెట్టింపు కంటే ఎక్కువ చేసిపెడుతుంది.

ఏసీ విషయంలో మన ఊరికి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. రెంటచింతల ఎండ వేరు, విశాఖ ఉక్క వేరు. ఇక్కడ ఉష్ణోగ్రత 34 దాటకపోయినా చెమట ఆరదు, ఆరితేనే ఒళ్లు చల్లబడేది. కాబట్టి విశాఖ ఏసీకి రెండు పనులు, గాలిని చల్లార్చడం, గాలిలోని తడిని పిండటం. ఆ రెండో పని ఎంతో తెలుసుకోవాలంటే ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. పది లీటర్ల ఆవిరి నీరయ్యేటప్పుడు దాదాపు ఆరున్నర యూనిట్ల వేడి బయటపడుతుంది. దాన్ని బయటికి తోడటానికి మంచి ఏసీకి సుమారు రెండు యూనిట్లు పడుతుంది. బకెట్ నిండిందంటే రెండు యూనిట్లు తడి పిండటానికే పోయాయన్నమాట. కిటికీ సందుల్లోంచి బయటిగాలి వస్తున్నంతసేపూ సముద్రాన్ని పిండుతూనే ఉంటాం. సందులు మూసి, 26 దగ్గర పెట్టి, ఫ్యాను వేసుకోమనేది పిసినారి సలహా కాదు. పైన డాబాకి తెల్ల సున్నమో, కూల్ రూఫ్ పెయింటో వేస్తే ఎండలో చాలా భాగం వచ్చిన దారినే పోతుంది. సున్నం వానకు కొట్టుకుపోతుంది, రెండేళ్లకోసారైనా మళ్లీ వెయ్యాలి. అయినా అంత చవకైన పని ఇంకోటి లేదు.

ఇళ్లు ఎంత సర్దుకున్నా, ఉక్కు సంగతి మాట్లాడకుండా విశాఖ ఉద్గారాల గురించి మాట్లాడటం కుదరదు. చాలామంది అనుకున్నట్టు, ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేసులో బొగ్గు వేడి కోసం మాత్రమే కాదు. ఇనుప ఖనిజమంటే ఆక్సిజన్‌తో పెనవేసుకున్న ఇనుము. ఆ ఆక్సిజన్‌ని విడదీసి తీసుకుపోయేది బొగ్గులోని కార్బనే. అందుకే ఫ్యాక్టరీ కప్పు మీద ఎన్ని సోలార్ ప్యానెళ్లు పరిచినా ఫర్నేసు ఉద్గారాలు పోవు. ఈ దారిలో టన్ను ఉక్కుకి రెండు టన్నుల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ వస్తుంది.

ఉన్న దారిలోనే విశాఖ స్టీల్ ప్లాంట్ ఒక తెలివైన పని మొదటి నుంచీ చేస్తోంది. ఫర్నేసులో వేసే బొగ్గును ముందు గాలి తగలకుండా కాల్చి కోక్‌గా మారుస్తారు. ఆ కోక్ ఓవెన్ నుంచి సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర ఎర్రగా కాలుతూ కోక్ బయటికొస్తుంది. మామూలుగా దాని మీద నీళ్లు గుమ్మరించి ఆర్పేస్తారు, వేడంతా తెల్లటి ఆవిరై ఆకాశంలోకి పోతుంది. ఇక్కడ అలా కాకుండా నైట్రోజన్‌లాంటి, మంట రేపని వాయువును దాని మీదుగా తిప్పి, ఆ వేడితో బాయిలర్‌లో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారు. మా అమ్మమ్మ పిడకల దాలిలో నిప్పు ఊరికే పోనీకుండా పాలకుండ పెట్టేది, అదే బుద్ధి. ఆ ప్లాంటు కట్టిన రోజుల్లో వాతావరణ మార్పు అన్న మాట పత్రికల్లో కూడా పెద్దగా లేదు, వేడి వృథా కాకూడదన్న పొదుపే ఆ పని చేయించింది.

కార్బన్‌కి బదులు హైడ్రోజన్‌తో ఆక్సిజన్‌ని లాగితే పొగకు బదులు నీరొస్తుంది. అచ్యుతాపురం దగ్గర పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (సోలార్, గాలి కరెంటుతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) హబ్‌కి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. కొంచెం గుణించి చూద్దాం. ఒక టన్ను ఇనుముకి 55 కిలోల దాకా హైడ్రోజన్ కావాలి. నీటిని విడగొట్టి ఒక కిలో హైడ్రోజన్ తియ్యడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు పడుతుంది. అంటే టన్నుకి కనీసం 2750 యూనిట్లు, నెలకు 200 యూనిట్లు వాడే ఇంటికి ఏడాది పైన సరిపోయే కరెంటు. అది బొగ్గు కరెంటైతే ఈ కథంతా వృథా. అందరూ అడిగేది మాత్రం నీళ్ల గురించి. వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే ఊరు కాబట్టి ఆ భయం సహజమే. కానీ కిలో హైడ్రోజన్‌లోకి వెళ్లే నీరు 9 లీటర్లు, సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి వాడినా అందుకయ్యే కరెంటు హైడ్రోజన్ తియ్యడానికయ్యే దాంట్లో అర శాతం కూడా ఉండదు. తీసేసిన ఉప్పునీటిని మత్స్యకారుల వలల దగ్గర వదులుతారా, దూరంగా వదులుతారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

బాబాయిగారు చివరికి ఏం చేశారంటే, ముందు రెండు ఫ్యాన్లు మార్చారు. తర్వాత డాబా ఎక్కి ప్యానెళ్ల బిగింపులు చూపించమన్నారు. ఉప్పుగాలికి నాలుగు బోల్టులు అప్పుడే తుప్పుపట్టాయి. గాలి వేగం రెట్టింపైతే ప్యానెల్‌ని పైకి లేపే బలం నాలుగు రెట్లవుతుంది. ఈ ఊళ్లో కట్టడాలకు లెక్కలోకి తీసుకోమనే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే సరిగ్గా ఆ 180 కిలోమీటర్లే. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించారు. బ్యాటరీ కోసం ఇంకా బేరమాడుతూనే ఉన్నారు. నిన్న సాయంత్రం గేటు దగ్గర కనపడి, "చిన్నదే తీసుకుంటానురా, రెండు ఫ్యాన్లు, సెల్‌ఫోన్లు, ఒక లైటు. కానీ నీళ్ల మోటారుకి ఏటి చెయ్యాలి?" అని అడిగారు. మోటారు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా అయిదారు రెట్లు లాగుతుంది, చిన్న ఇన్వర్టర్ తట్టుకోదు. తుఫాను కబురు వినగానే, కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపేసుకోమన్నాను.